వినోదం కోసం జీవులను బంధించవచ్చునా?



మొన్న ఆదివారం పూజ ముగిశాక కౌతాళం గుడి వాకిట్లో ఒక కుటుంబం వారు నన్ను ఆపి సెల్‌ఫోన్‌లో వీడియో చూపించారు. వారి అబ్బాయి దుబాయిలో పనిచేస్తున్నాడు. అక్కడి డాల్ఫిన్ల ప్రదర్శన అది. "చూడండి ఫాదర్, ఎంత బాగా నవ్వుతోందో!" అంది వాళ్ళ చిన్నపాప. నేనూ నవ్వాను. ఆ నవ్వు గురించే ఈ వారం కొంచెం ఆలోచిద్దాం.

అది నవ్వు కాదు. డాల్ఫిన్ దవడ తీరే అంత. జబ్బుపడినా, చనిపోయినా ఆ ముఖం అలాగే ఉంటుంది. డాల్ఫిన్ చేప కూడా కాదు. మన ఆవులాగే ఊపిరితిత్తులతో గాలి పీల్చి, పిల్లను కని, పాలిచ్చి పెంచే జీవి. తాను చేసే శబ్దం దేనికైనా తగిలి తిరిగి వచ్చే తీరును బట్టి దారినీ ఆహారాన్నీ తెలుసుకుంటుంది. సముద్రమంతా తిరగవలసిన అటువంటి ప్రాణిని గోడల తొట్టిలో ఉంచి, చేప ముక్క ఆశ చూపి ఆడిస్తారు.

ఇది మన పక్కనే జరిగింది. 1990ల చివర చెన్నై దగ్గరి ఒక వినోద కేంద్రానికి బల్గేరియా నుండి డాల్ఫిన్లను తెచ్చారు. కొద్ది నెలల్లోనే అవి చనిపోయాయి. 2013 మే నెలలో కేంద్ర జంతు ప్రదర్శనశాలల సంస్థ, డాల్ఫిన్ ప్రదర్శనశాలలకు అనుమతి ఇవ్వరాదని రాష్ట్రాలకు తెలియజేసింది. డాల్ఫిన్‌ను 'మానవేతర వ్యక్తి'గా చూడాలన్న శాస్త్రజ్ఞుల అభిప్రాయం కూడా ఆ ఉత్తర్వులో ఉంది.

సెమినరీలో తత్వశాస్త్రం చదివిన నాకు ఆ 'వ్యక్తి' అన్న మాట దగ్గర కొంచెం అడ్డుపడింది. వ్యక్తి అంటే దేవుని పోలికలో చేయబడి, బుద్ధి, స్వేచ్ఛ గలవాడని మనం నేర్చుకున్నాం. ఆ మాటను నేను డాల్ఫిన్‌కు ఇవ్వను. అయితే వ్యక్తి కానిదంతా వస్తువేనా? ఇక్కడే మనం పొరబడతాం. జంతువుల పట్ల క్రూరంగా ఉండేవాడు మనుషుల పట్ల కూడా అలాగే తయారవుతాడని పునీత అక్వినా తోమాసుగారు హెచ్చరించారు. 1992లో వెలువడిన కతోలిక శ్రీసభ సత్యోపదేశం (2415 నుండి 2418) ఇంకొంత ముందుకు వెళుతుంది. జంతువులు దేవుని సృష్టి గనుక వాటికి మన దయ చెందవలసినదే. ఆహారానికి, బట్టకు, పనికి వాడుకోవచ్చు. అనవసరంగా బాధించడం మాత్రం మానవ గౌరవానికే విరుద్ధం.

లెవియాతానును పిట్టలా కట్టి నీ ఇంటి ఆడపిల్లలకు ఆటకు ఇవ్వగలవా అన్న అర్థంలో దేవుడు యోబును అడుగుతాడు. యోబు దగ్గర జవాబు లేదు. మన కాలం వారు "ఓ, ఇవ్వగలం" అన్నారు. డాల్ఫిన్ కుటుంబానికే చెందిన టిలికం అనే ఓర్కాను 1983లో ఐస్‌లాండ్ వద్ద పట్టారు. ముప్పై ఏళ్లకు పైగా తొట్లలోనే ఉండి, ముగ్గురి మరణానికి కారణమై, 2017లో అది చనిపోయింది. అంతకు ముందు ఏడాదే సీవరల్డ్ సంస్థ ఇకపై ఓర్కాలకు పిల్లలను పుట్టించబోమని ప్రకటించింది.

ఇదంతా సత్యోపదేశ తరగతిలో చెబుతుంటే ఒక పిల్లవాడు లేచి, "మరి జాతరలో బండలాగుడు ఎద్దుల సంగతేమి ఫాదర్?" అన్నాడు. వాళ్ళ నాయనకు పోటీ ఎద్దులున్నాయి. సముద్రం గురించి ధైర్యంగా మాట్లాడిన నేను, ఊరి సంగతి వచ్చేసరికి కాసేపు ఊరుకున్నాను. ఆ ఇంట్లో ఎద్దులకు ఉలవలు ఉడకబెట్టి పెట్టడం, బిడ్డలను కడిగినట్టు కడగడం నేను చూశాను. అయినా బండ కదలనప్పుడు దెబ్బ పడేది ఆ వీపు మీదే. చేను దున్నడం మన బతుకుతెరువు. బహుమతి కోసం వేసే దెబ్బను అదే లెక్కలో రాయలేము.

"కర్ర ముట్టకుండా బండ ఎంత దూరం పోతుందో చూద్దామా అని మీ నాయనను అడుగు" అన్నాను. వాడు అడిగాడట. తండ్రి ఇంకా ఏమీ చెప్పలేదు. వచ్చే వారం కుటుంబాల సందర్శనలో వాళ్ళ ఇల్లు కూడా ఉంది.