నిప్పుకు బెదరరు, దరఖాస్తుకు బెదురుతారు

అమెరికాలో చిన్న ఊళ్ల ఫైర్ స్టేషన్లలో చాలావాటికి జీతం తీసుకునే సిబ్బంది ఉండరు. పగలంతా పొలం పనో, మెకానిక్ షెడ్డో, బడిలో పాఠాలో చూసుకునే మనుషులే సైరన్ మోగగానే చేతిలో పని వదిలేసి పరుగెడతారు. ఆ దేశపు ఫైర్‌ఫైటర్లలో దాదాపు మూడింట రెండు వంతుల మంది ఇలాంటి వాలంటీర్లే. డీజిల్‌కి, గొట్టాల మరమ్మతుకి డబ్బు కావాలంటే సెలవు రోజున స్టేషన్లోనే పాన్‌కేకులు వేసి ఊరివాళ్లకు టిఫిన్ పెట్టి చందాలు పోగుచేస్తారు. మండుతున్న ఇంట్లోకి దూరడానికి వెనకాడని ఆ మనుషులు ప్రభుత్వ గ్రాంటు దరఖాస్తు ముందు కూర్చునేసరికి బిగుసుకుపోతారు. ఏం రాయాలి? మనకెవరిస్తారు? పెద్ద పట్నాలను వదిలేసి మన ఊరిని ఎవరు చూస్తారు?

ఈ బెదురు మనకూ తెలుసు. స్కాలర్‌షిప్పు ఫారం తెచ్చుకుని నింపకుండా బీరువాలో పెట్టేసిన విద్యార్థి, బ్యాంకు మెట్లదాకా వెళ్లి వెనక్కి తిరిగిన చేనేత కార్మికుడు, జీతం పెంచమని అడగాలని ఏడాదిగా మాట కూడబలుక్కుంటున్న ఉద్యోగి, అందరిదీ ఒకటే ఇబ్బంది. అడగడమంటే చెయ్యి చాచడమనుకుంటాం. అడగనిదే అమ్మయినా పెట్టదని మన పెద్దలు చెప్పారు కానీ, ఎలా అడగాలో కూర్చోబెట్టి నేర్పినవాళ్లు తక్కువ. నేర్చుకుంటే వచ్చే విద్యే ఇది. దీన్ని నేర్చుకోవడానికి ఈ ఫైర్ స్టేషన్ల గ్రాంటును మించిన పాఠం నాకు కనపడలేదు. ఎందుకంటే అక్కడ సరిగా అడగలేకపోతే ఎవరో ఒకరు మాస్కు లేకుండా పొగలోకి వెళ్లాల్సి వస్తుంది.

ముందు ఆ గ్రాంటు సంగతి. అమెరికా కాంగ్రెస్ 2000లో చేసిన చట్టంతో ‘అసిస్టెన్స్ టు ఫైర్‌ఫైటర్స్ గ్రాంట్’ మొదలైంది. 2001 నుంచి నిధులు ఇస్తున్నారు. విపత్తుల నిర్వహణ సంస్థ ఫెమా దీన్ని నడుపుతోంది. శ్వాస పరికరాలు, రక్షణ దుస్తులు, శిక్షణ, ఫైరింజన్లు, ఇలాంటివన్నీ దీని కింద అడగవచ్చు. మనుషులను పెట్టుకోవడానికి, వాలంటీర్లను చేర్చుకుని నిలబెట్టుకోవడానికి ‘సేఫర్’ అని మరో గ్రాంటు ఉంది. దరఖాస్తుకు మార్కులు వేస్తారు. ముందు కంప్యూటర్ అంకెలు చూస్తుంది. ఆ వడపోత దాటిన దరఖాస్తు మనుషుల చేతికి వెళుతుంది. వాళ్లూ ఫైర్ సర్వీసులో పనిచేసినవాళ్లే. ఒక్కో దరఖాస్తును కనీసం ముగ్గురు చదువుతారు.

నాలుగు భాగాలకు సమానంగా మార్కులుంటాయి. మీ దగ్గర డబ్బు ఎందుకు లేదు? ఏం కొంటారు, ఎంతకు కొంటారు? పెట్టిన డబ్బుకు ఎంత మేలు? మీ రోజువారీ పనిలో ఏం మారుతుంది? ఈ నాలుగు ప్రశ్నలకూ జవాబు రాసుకోగలిగితే జీవితంలో ఏ దరఖాస్తయినా రాయగలరని నా నమ్మకం.

చాలామంది తప్పు చేసేది ఇక్కడే. దరఖాస్తు అనగానే కష్టాల చిట్టా విప్పుతారు. ‘మాది చాలా పేద ఊరు, మా పరికరాలు పూర్తిగా పాతబడిపోయాయి, దయచేసి ఆదుకోండి’ అని రాస్తారు. చదివే ముగ్గురూ నిప్పులో నడిచినవాళ్లే. మంటలు ప్రమాదకరమని వాళ్లకు చెప్పనక్కర్లేదు. వాళ్లకు తెలియనిది మీ ఊరు. దాన్ని చూపించాలి.

ఉదాహరణకు ఇలా రాశారనుకుందాం. ‘మా దళంలో 18 మంది ఉన్నాం. శ్వాస పరికరాలు 9 ఉన్నాయి. వాటిలో 4 గత పరీక్షలో పనికిరావని తేలింది. అంటే ఇంట్లోకి ఒకేసారి ఐదుగురం మాత్రమే వెళ్లగలం. లోపల ఉన్నవాళ్లకు ఏమైనా అయితే వాళ్లను తీసుకురావడానికి బయట మాస్కుతో ఎవరూ మిగలరు. పక్క ఊరి స్టేషన్ 22 మైళ్ల దూరంలో ఉంది.’ ఇందులో ‘దయచేసి’ అన్న మాట లేదు. కన్నీళ్లు లేవు. కానీ చదివినవాడి కళ్ల ముందు గుమ్మం దగ్గర నిలబడిపోయిన మనిషి కనపడతాడు.

రక్షణ దుస్తుల సంగతీ అంతే. తయారైన తేదీ నుంచి పదేళ్లు దాటితే ఆ దుస్తులు పక్కన పెట్టాలని అక్కడి జాతీయ అగ్నిమాపక ప్రమాణాలు చెబుతున్నాయి. కాబట్టి ‘పాతబడ్డాయి’ అని రాసే బదులు కోటు లోపలి లేబుల్ మీదున్న సంవత్సరం రాయాలి. ఎన్ని కోట్లు, ఏ ఏడాదివి, ఎందరికి చాలవు? ఆ చిన్న గుడ్డ లేబుల్‌కు ఉన్న బలం పేజీ నిండా రాసిన విశేషణాలకు ఉండదు.

ఇంకో ముచ్చట చెప్పాలి. కొన్ని స్టేషన్లు ఈ గ్రాంటు కింద పెద్ద వాషింగ్ మెషీన్లు అడుగుతాయి. బట్టలుతికే యంత్రానికి ప్రభుత్వ సొమ్మా అనిపిస్తుంది. కానీ మంటల్లోంచి వచ్చిన కోటుకు పట్టిన మసిలో కేన్సర్ కారకాలుంటాయి. ఫైర్‌ఫైటర్ వృత్తిలో ఎదురయ్యే విష ప్రభావం మనుషుల్లో కేన్సర్ కలిగిస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కేన్సర్ పరిశోధన సంస్థ 2022లో తేల్చింది. ఆ కోటు ఉతక్కుండా కారు డిక్కీలో వేసుకుని ఇంటికెళ్తే ఆ మసి పిల్లల దాకా వస్తుంది. ఇదంతా రెండు వాక్యాల్లో చెప్పగలిగినవాడికి ఆ యంత్రం ఎందుకో ఇంకెవరూ అడగరు. మీరు అడిగే వస్తువును ఒక మనిషి ప్రాణంతోనో, ఒక పిల్లవాడి చదువుతోనో కలిపే దారం మీరే చూపించాలి. చదివేవాడు వెతుక్కుంటాడని వదిలేయకండి.

నాకు ఈ పాఠం ఆలస్యంగా అబ్బింది. కొన్నేళ్ల క్రితం మా ఊరి గ్రంథాలయానికి పైకప్పు వేయించడానికి ఒక అర్జీ రాశాను. గ్రంథాలయ ఉద్యమం గొప్పతనం గురించి నాలుగు పేజీలు, కారుతున్న కప్పు గురించి ఒక వాక్యం. అర్జీ అందుకున్న అధికారి అంతా చదివి, ‘రోజుకు ఎంతమంది వస్తారండీ?’ అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. మర్నాడే గుమ్మం పక్కన ఒక నోట్‌బుక్కు, దానికి దారంతో కట్టిన పెన్ను పెట్టాం. మూడు నెలల తర్వాత ఆ నోట్‌బుక్కే మా రెండో అర్జీ అయింది. వాన పడిన రోజుల్లో ఎంతమంది వెనక్కి వెళ్లారో కూడా అందులో రాసి ఉంది. కప్పు వచ్చింది. వెళ్లిన ప్రతి పిలుపునూ ఫైర్ స్టేషన్లు ఎందుకంత శ్రద్ధగా రాసిపెట్టుకోవాలో నాకు అప్పుడు అర్థమైంది. లెక్క రాసుకోని కష్టాన్ని ఎదుటివాడు ఎలా నమ్ముతాడు?

ఇక సొంత వాటా సంగతి. ఫెమా మొత్తం డబ్బు ఇవ్వదు. ఊరి జనాభా 20 వేల లోపుంటే గ్రాంటు మొత్తంలో 5 శాతం, పది లక్షల లోపుంటే 10 శాతం, అంతకు మించితే 15 శాతం ఆ ఊరే పెట్టుకోవాలి. గ్రాంటు వచ్చింది కదా అని సొంత బడ్జెట్టు కోసేసుకోవడానికీ వీల్లేదు. అంతకు ముందు రెండేళ్ల సగటు ఖర్చులో కనీసం 80 శాతం నిలబెట్టాలి. వినడానికి కఠినంగా ఉన్నా ఈ షరతులే అడిగేవాడికి గౌరవం తెచ్చిపెడతాయి. తన జేబులోంచి పది రూపాయలు ముందు బల్ల మీద పెట్టి, మిగతా తొంభై అడిగేవాడిని ఎవరూ యాచకుడనరు, భాగస్వామి అంటారు.

ఈ కిటుకు తెలిసిన మహానుభావుడు, అమెరికా స్వాతంత్ర్య నేతల్లో ఒకరైన బెంజమిన్ ఫ్రాంక్లిన్. ఫిలడెల్ఫియాలో 1736లో ముప్ఫై మందితో యూనియన్ ఫైర్ కంపెనీ అనే వాలంటీర్ దళాన్ని ఏర్పాటు చేసింది ఆయనే. ప్రతి సభ్యుడూ తోలు బకెట్లు, సామాన్లు మోయడానికి గట్టి సంచులు సొంతంగా సిద్ధం పెట్టుకోవాలి. నెలవారీ సమావేశానికి రానివాళ్ల దగ్గర జరిమానా వసూలు చేసి, ఆ డబ్బుతోనే నీళ్ల యంత్రాలు, నిచ్చెనలు, కొక్కేలు కొన్నారు. ఆ తర్వాత 1751లో ఆసుపత్రి కట్టించాలనుకున్నప్పుడు ఆయన శాసనసభ ముందు ఒక షరతు పెట్టాడు. ప్రజల దగ్గర రెండు వేల పౌండ్లు పోగైతేనే ప్రభుత్వం మరో రెండు వేలు ఇవ్వాలి. అంత ఎక్కడ పోగవుతుందిలే అని సభ్యులు ఒప్పుకున్నారు. ఆయన జనం దగ్గరికి వెళ్లి, మీరు ఇచ్చే ప్రతి పౌండూ రెండవుతుందని చెప్పాడు. డబ్బు పోగైంది, ఆసుపత్రి లేచింది.

అదే ఫ్రాంక్లిన్‌ను ఒక మతబోధకుడు వచ్చి, ప్రార్థనా మందిరానికి చందాలు ఎలా అడగాలో చెప్పమన్నాడు. ఆయన ఇచ్చిన సలహా నేను యువతీయువకులందరికీ చెబుతుంటాను. తప్పకుండా ఇస్తారనుకున్నవాళ్లను ముందు అడుగు. ఇస్తారో ఇవ్వరో తెలియనివాళ్ల దగ్గరికి తర్వాత వెళ్లు, ఇచ్చినవాళ్ల జాబితా చూపించు. చివరికి, అస్సలు ఇవ్వరనుకున్నవాళ్లనూ వదలకు, వాళ్లలో కొందరి విషయంలో నీ అంచనా తప్పు కావచ్చు. ఆ బోధకుడు అలాగే అందరినీ అడిగాడు, అనుకున్నదానికన్నా ఎక్కువే వచ్చింది. ‘వాడివ్వడులే’ అని మనమే తీర్పు చెప్పేసుకుని ఎన్ని తలుపులు తట్టకుండా వచ్చేశామో ఒకసారి గుర్తు చేసుకోండి.

కాదన్నప్పుడు ఏం చేయాలి? అడిగిన స్టేషన్లన్నిటికీ ఫెమా ఇవ్వదు, ఇవ్వలేదు. తట్టుకున్నవాళ్లు మరుసటి ఏడాది మళ్లీ రాస్తారు. ఆ మధ్యలో చేయదగ్గ మంచి పని ఒకటుంది. దరఖాస్తులకు మార్కులు వేసే బృందంలో చేరడానికి ఫైర్ సర్వీసులో ఉన్నవాళ్లు ముందుకు రావచ్చు. పదుల కొద్దీ దరఖాస్తులు చదివిన మనిషికి తన పాత దరఖాస్తులో ఏం తప్పు జరిగిందో ఒకరు చెప్పనక్కర్లేదు. మీకూ అలాంటి అవకాశం దొరుకుతుంది. ఉద్యోగం రాలేదా? తెలిసినవాళ్ల ఆఫీసులో వచ్చిన బయోడేటాలు వడపోసే పనిలో ఒక రోజు సాయం చేయండి. ఇవతలి కుర్చీలోంచి కనపడనివి అవతలి కుర్చీలోంచి కనపడతాయి.

గడువు సంగతి కూడా చెప్పి ముందుకెళ్తాను. ఈ గ్రాంటుకు దరఖాస్తులు ఏడాదికి కొన్ని వారాలే తీసుకుంటారు. అంతకుముందే అమెరికా కేంద్ర ప్రభుత్వ జాబితాలో పేరు నమోదై ఉండాలి. అది ఉచితమే కానీ ఏటా పునరుద్ధరించుకోవాలి, పూర్తవడానికి రోజులు పడుతుంది. దరఖాస్తులు మొదలయ్యాక నమోదుకు పరుగెత్తినవాళ్లకు ఆ ఏడాది పోయినట్టే. ‘ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టు’ అన్న మన సామెత ఆ స్టేషన్ల గోడల మీద రాయదగ్గది. ఆధార్‌లో తప్పు, గడువు తీరిన ఆదాయ ధ్రువీకరణ పత్రం, దొరకని మార్కుల మెమో... మీ బావి ఏదో మీకే తెలుసు.

మన దేశంలో అగ్నిమాపక సేవలు రాష్ట్రాల బాధ్యత. రాజ్యాంగం పన్నెండో షెడ్యూలు ప్రకారం పురపాలికలకూ ఇందులో పాత్ర ఉంది. 15వ ఆర్థిక సంఘం సిఫార్సు మీద అగ్నిమాపక సేవల విస్తరణ, ఆధునికీకరణ కోసం కేంద్రం రూ. 5,000 కోట్లతో 2023లో ఒక పథకం తెచ్చింది. ఇక్కడా అదే సూత్రం. ప్రతిపాదన రాష్ట్రమే పంపాలన్నారు, ఖర్చులో 25 శాతం తనే భరించాలన్నారు. ఈశాన్య, హిమాలయ రాష్ట్రాలకైతే అది 10 శాతం. ఇలాంటి డబ్బు అడిగితేనే వస్తుంది. రాష్ట్రం పంపే కాగితంలో మీ మండలం పేరు ఉండాలంటే, మీ మండలంలో ఏం లేదో ఎవరో ఒకరు లెక్క గట్టి, రాసి, అందించాలి.

ఆ లెక్క మొదలుపెట్టడానికి ఏటా ఒక మంచి వారం వస్తుంది. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికీన్ అనే ఓడ పేలింది. మంటలార్పడానికి వెళ్లిన ఫైర్ సిబ్బంది పదుల సంఖ్యలో చనిపోయారు. వాళ్ల స్మృతిగానే ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 వరకు అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి. ఈసారి ఆ వారంలో మీ ఊరికి దగ్గరి ఫైర్ స్టేషన్‌కు వెళ్లండి. ఎన్ని బండ్లున్నాయి, ఎంతమంది సిబ్బంది ఉన్నారు, ఎన్ని మాస్కులు పనిచేస్తున్నాయి, మీ వీధికి రావడానికి ఎన్ని నిమిషాలు పడుతుంది, అడిగి రాసుకోండి. ఆ నాలుగు అంకెలతో ఒక పేజీ అర్జీ రాసి, కలెక్టరుకో ఎమ్మెల్యేకో మీ చేత్తో ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి.