పాత వెండి డాలరు: కరుగు ధర, నాణెం ధర

పాత అమెరికన్ వెండి డాలరు చేతికి వచ్చినపుడు దానికి రెండు ధరలున్నాయని వర్తకులు గుర్తుంచుకోవాలి. ఒకటి కరుగు ధర, రెండవది నాణెం ధర. మన వెండి బజార్లలో చాలామంది మొదటిది మాత్రమే లెక్కగట్టి కొంటారు, అమ్ముతారు. మామూలు నాణెమైతే ఇబ్బంది లేదు. మంచి సరుకు తగిలిననాడు నష్టం పదింతలు కావచ్చు.

ఎక్కువగా కనబడేది మార్గన్ డాలరు. అచ్చు చెక్కిన జార్జి మార్గన్ పేరే దానికి స్థిరపడింది. 1878 నుంచి 1904 వరకు, మళ్లీ 1921లోనూ ముద్రించారు. తూకం 26.73 గ్రాములు, అడ్డుకొలత 38.1 మిల్లీమీటర్లు, నూటికి 90 పాళ్లు వెండి, మిగిలినది రాగి. అంటే మేలిమి వెండి 24.06 గ్రాములు. గ్రాము 100 రూపాయలు అనుకుంటే కరుగు ధర 2,406 రూపాయలు. అందులోంచి శుద్ధి ఖర్చు, వట్టం పోతాయి. బాగా అరిగిన నాణెంలో కొంత తరుగు సహజమే. అరుగుదల లేని నాణెం అర గ్రాము తక్కువ తూగితే మాత్రం అనుమానించాలి. అయస్కాంతానికి అంటుకుంటే ఇక చూడనక్కరలేదు. నీటిలో తూచి చూస్తే సాంద్రత 10.3 దరిదాపుల్లో రావాలి. అంతేగాని టచ్ చూద్దామని గీటురాయి మీద రుద్దడం, అంచున ఆకురాయి పెట్టడం పనికిరాదు. ఆ ఒక్క గీటుతో నాణెం ధర పోయి కరుగు ధర మిగులుతుంది.

ఇక నాణెం ధర. అరుగుదల మొదట ఎత్తయిన చోట్ల కనబడుతుంది. బొమ్మ వైపు స్వేచ్ఛాదేవి చెవిపైన, నుదుటి పైన ఉండే జుట్టు పాయలు చూడాలి. బొరుసు వైపు గద్ద రొమ్ము ఈకలు, రెక్కల పైఅంచులు చూడాలి. అమెరికాలో ఈ స్థితిని 1 నుంచి 70 వరకు అంకెలతో చెబుతారు. గుడ్ 4, ఫైన్ 12, వెరీ ఫైన్ 20, ఎక్స్‌ట్రీమ్లీ ఫైన్ 40 నుంచి, వాడుకలోకి రానివి 60 నుంచి 70 వరకు. అయితే 60 దాటిన నాణెం అద్దంలా ఉంటుందనుకోరాదు. టంకశాల నుంచి వేయేసి డాలర్లు ఒక సంచిలో పోసి పంపేవారు. ఒకదానికొకటి తగిలి దేవి చెంప మీద గంట్లు పడేవి. ఆ గంట్లు ఎన్ని, ఎంత లోతు అన్నదాని మీదే 62కూ 65కూ తేడా ఉంటుంది. కొన్ని సంవత్సరాల ముద్రణలలో ఆ తేడా ధరను అనేక రెట్లు మారుస్తుంది.

ఇక్కడే అనుభవజ్ఞులు సైతం పొరపడే విషయం ఒకటుంది. న్యూ ఆర్లియన్స్ టంకశాల డాలర్లలో చాలావాటికి అచ్చు గట్టిగా పడలేదు. చెవిపైన జుట్టు, గద్ద రొమ్ము చదునుగా ఉంటాయి. చూడగానే అరిగిందనిపిస్తుంది. ఒకే దీపం కింద నాణేన్ని మెల్లగా వాల్చి తిప్పి చూడండి. పుట్టు మెరుపు బండిచక్రం ఆకుల్లా తిరుగుతూ ఆ చదును చోట మీదుగా కూడా సాగితే అది అరుగుదల కాదు, అచ్చు లోపం. మెరుపు అక్కడ తెగి, బూడిద రంగు మచ్చ కనబడితే అరిగినట్లే. కొనేటప్పుడు అమ్మకందారు "అచ్చు లోపమేనండీ" అంటే ఈ పరీక్షే తేలుస్తుంది.

మనవాళ్ల అలవాటొకటి ఈ సరుకుకు శత్రువు. వెండి అనగానే చింతపండు, విభూతి పట్టుకుంటారు. కంచానికి మంచిదే, నాణేనికి కాదు. రుద్దిన నాణెం తళతళలాడుతుంది గాని, భూతద్దంలో ఒకే దిక్కుకు సాగిన సన్నని గీతలు బయటపడతాయి. నల్లబడిన నాణేన్ని నల్లగానే అమ్మాలి. గొలుసుకు వేసుకునే బిళ్లను మనం డాలరు అంటాం. అసలు డాలరుకే కొక్కెం అతికించి వేసుకుని, తరువాత తీసేసినవి కూడా వస్తాయి. పై అంచున అతుకు మచ్చ ఉందేమో చూసుకోవాలి. ఇలాంటివి కరుగు ధరకు కొంచెం పైన మాత్రమే అడగదగినవి.

సంవత్సరం, టంకశాల గుర్తు స్థితి కంటే తక్కువవి కావు. గుర్తు బొరుసు వైపు దండ ముడి కింద ఉంటుంది. ఎస్ అంటే శాన్ ఫ్రాన్సిస్కో, ఓ అంటే న్యూ ఆర్లియన్స్, సి.సి. అంటే కార్సన్ సిటీ, డి అంటే డెన్వర్. గుర్తు లేనిది ఫిలడెల్ఫియా. 1921లో ఒక్క ఫిలడెల్ఫియాలోనే 4 కోట్ల 46 లక్షలకు పైగా ముద్రించారు కనుక వాడిన వాటికి కరుగు ధర మీద పెద్ద అదనం రాదు. 1893 శాన్ ఫ్రాన్సిస్కోవి లక్ష మాత్రమే. అందుకే 1893 ఫిలడెల్ఫియా డాలరుకు 'ఎస్' అతికించే మోసం ఉంది. అసలు నాణెంలో తలకట్టు మీది 'లిబర్టీ' మాటలోని 'టి' అక్షరం పైభాగాన ఏటవాలుగా సన్నని గీత ఉంటుంది.

ముద్రణ లెక్కలనే నమ్ముకోరాదు. 1918 నాటి పిట్‌మన్ చట్టం కింద 27 కోట్లకు పైగా వెండి డాలర్లు కరిగించారు. ఏ సంవత్సరంవి ఎన్ని పోయాయో లెక్క రాయలేదు. ఆ వెండిలో అత్యధిక భాగం బ్రిటన్ కొన్నది మన దేశపు రూపాయల కోసమే. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఇక్కడ జనం నోట్లిచ్చి వెండి రూపాయలు అడిగారు. మిగిలినవాటి సంగతి వేరు. 1903 న్యూ ఆర్లియన్స్ డాలరు మహా అరుదని జాబితాల్లో వేయి డాలర్లు దాటి ఉండేది. 1962లో అమెరికా ఖజానా సంచులు విప్పితే అవి కుప్పలుగా బయటపడి ధర ఒక్కసారిగా కూలింది. నిల్వ పెట్టుకున్నవారు మునిగారు.

1986, 1987 సంవత్సరాలలో మొదలైన అమెరికన్ పరీక్షా సంస్థలు నాణేన్ని స్థితి అంకెతో ప్లాస్టిక్ డబ్బీలో మూసి ఇస్తాయి. డబ్బీలకు కూడా నకిలీలు ఉన్నాయి కనుక నంబరు సరిచూసుకోవాలి. ఇక్కడ దొరికిన నాణేన్ని పరీక్షకు పంపుదామనుకునేవారు మరొకటి గమనించాలి. 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన నాణెం పురావస్తువు. ప్రైవేటు వర్తకుడు దానిని దేశం దాటించడానికి వీల్లేదు. కాబట్టి బయటి ధర చూసి ఇక్కడ పాట పెంచడం తగదు. దేశంలో సేకర్తలు ఎంతకు అడుగుతున్నారో చూసుకుని కొనాలి.