సేవకు చదువు

సంఘసేవకు జాలిగుండె యొక్కటి చాలునా? దుర్గాబాయి దేశ్‌ముఖ్ జీవితము ఈ ప్రశ్నకు సమాధానము చెప్పును.

ఆమె 1909లో రాజమహేంద్రవరమున జన్మించెను. ఆంగ్లమాధ్యమము నొల్లక బాల్యముననే బడి విడిచి, బాలికలకు హిందీ నేర్పుటకై పాఠశాల నెలకొల్పెను. 1930లో ఉప్పు సత్యాగ్రహమున పాల్గొని చెరసాలకు పోయెను. అచ్చట నిరక్షరాస్యులైన ఖైదీ స్త్రీలు పెక్కుమంది కనబడిరి. తమపై మోపబడిన నేరమేమో, చట్టమేమి చెప్పునో వారెరుగరు. తమ పక్షమున పలుకువారు లేక శిక్ష ననుభవించుచుండిరి. తాను జాలిపడిన మాత్రమున వారికి న్యాయము లభింపదని దుర్గాబాయి గ్రహించెను.

విడుదలయైన పిమ్మట విడిచిన చదువును మరల చేపట్టెను. ఆంధ్ర విశ్వకళాపరిషత్తున పట్టము పొంది, 1942లో న్యాయశాస్త్ర పట్టభద్రురాలయ్యెను. అంతకుముందే, 1937లో, మద్రాసున ఆంధ్ర మహిళాసభను స్థాపించి, చదువు ఆగిపోయిన స్త్రీలకు పాఠములు చెప్పించెను. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి ప్రథమాధ్యక్షురాలయ్యెను.

నేడు సంఘసేవకు విశ్వవిద్యాలయములలో ప్రత్యేకమైన చదువు కలదు. లేమి గల పల్లెలకును, పేటలకును అట్లు చదివినవారు కావలయును. బాలబాలికలారా! మీ వీధిలో పింఛను కాగితము చదువలేని అవ్వ యున్నచో, చదివి వినిపింపుడు. ఆమె చెప్పు మాటను ఓపికతో వినుడు. ఆ చదువునకు అదియే ఓనమాలు.