తడబడుతూ చదివే బిడ్డకు ఇంటి చదువు

"వాడికి ఎనిమిదేళ్లు నిండాయి. మాటల్లో మహా చురుకు. కాని ఖాయిదా ముందు పెడితే చాలు, 'బా'ను 'తా' అంటాడు. నిన్న చదివిన పంక్తి ఈ రోజు మళ్లీ కొత్తదే. బడిలోనూ ఇదే గొడవ." మన ఇళ్లలో ఈ ఫిర్యాదు తరచూ వినిపిస్తూ ఉంటుంది. దాని వెంటే తీర్పు కూడా వచ్చేస్తుంది: బద్ధకం, లేదా మొండితనం. మరో కారణం ఉండవచ్చని చాలామంది తల్లిదండ్రులకు తోచదు. మాకూ తోచలేదు. మా అబ్బాయి విషయంలో రెండేళ్లు గద్దింపులతోనే గడిపాం. ఒకరోజు అస్ర్ అజాన్ వినపడగానే వాడు మంచం కిందికి దూరాడు. అస్ర్ తర్వాతే ఖాయిదా పాఠం మరి! నమాజుకు రమ్మనే పిలుపు పసివాడి మనసులో భయానికి గుర్తుగా మారిపోయిందని తెలిసిన ఆ సాయంత్రం మేము పుస్తకం మూసి ఆలోచనలో పడ్డాం.

ముందు కళ్లు, చెవులు పరీక్ష చేయించాం. ఇది ఎవరైనా మొట్టమొదట చేయవలసిన పని. చూపు మందగించిన పిల్లవాణ్ణి చదవలేదని కొట్టడం కంటే అన్యాయం ఏముంటుంది? రెండూ బాగానే ఉన్నాయి. ఆ తర్వాత పిల్లల మానసిక నిపుణులు చూసి 'డిస్లెక్సియా' అన్నారు. ఇది తెలివి తక్కువతనం కాదు. అక్షరాన్ని దాని ధ్వనితో జతపరచడం కొందరి మెదడుకు కష్టమవుతుంది, అంతే. అదే పిల్లవాడు విన్న కథను పొల్లుపోకుండా తిరిగి చెప్పగలడు.

మన పిల్లల మీద పడే బరువును కూడా ఒకసారి లెక్క చూసుకోవాలి. బడిలో తెలుగు, ఇంగ్లీషు, కొన్నాళ్లకు హిందీ. మక్తబ్‌లో అరబీ, ఇంట్లో ఉర్దూ. తెలుగు ఎడమ నుంచి కుడికి, అరబీ కుడి నుంచి ఎడమకు. తెలుగులో గుణింతాలు, ఒత్తులు. అరబీలో ఒకే అక్షరం మాట మొదట ఒక రూపంలో, నడుమ మరో రూపంలో, చివర ఇంకో రూపంలో ఉంటుంది. మామూలు పిల్లలు ఇవన్నీ ఎలాగో దాటేస్తారు. వీడు మాత్రం అన్ని వాకిళ్ల ముందూ ఒకేసారి నిలబడిపోయాడు. అందుకే బడి మాన్పించి ఇంట్లో చెప్పడం మొదలుపెట్టినప్పుడు మేము తీసుకున్న మొదటి నిర్ణయం ఒకటే లిపి. తెలుగు చేతికి వచ్చేదాకా మిగతావి కళ్లకు కాదు, చెవులకే.

"ఖుర్ఆన్ ఆపేశారా?" అని పెద్దలు కోప్పడ్డారు. ఆపలేదు. ఖాయిదా మాత్రమే ఆపాం. ఆలోచించి చూడండి, ఖుర్ఆన్ అవతరించింది చదవడం రాయడం నేర్వని ప్రవక్త (స)పై. సహాబాల్లో ఎక్కువ మంది దాన్ని విని నేర్చుకున్నవారే. అదీ ఒక్కసారిగా కాదు, 23 సంవత్సరాలపాటు కొంచెం కొంచెంగా. ప్రజలకు నిదానంగా, ఆగి ఆగి వినిపించేందుకే దాన్ని భాగాలుగా పంపామని అల్లాహ్ తెలిపాడు (బనీ ఇస్రాయీల్: 106). హజ్రత్ అబ్దుల్లాహ్ ఇబ్నె ఉమ్మె మక్తూం (రజి) అంధులు. దీన్ నేర్చుకోవాలని వచ్చిన ఆయన వైపు దృష్టి మరలలేదని 'అబస' సూరాలో మందలింపు వచ్చింది. ఆయనే తర్వాత మస్జిదె నబవీలో అజాన్ ఇచ్చారు. లిపి చూడలేని మనిషికి దీన్ అందిందంటే చెవి దారి ఎంత విశాలమైనదో గ్రహించవచ్చు.

ఫజ్ర్ తర్వాత వాళ్ల ఆపా ఒక ఆయత్ మూడుసార్లు చదువుతుంది, వాడు మూడుసార్లు అంటాడు. పది నిమిషాలు దాటనివ్వం. కౌసర్ సూరా మూడు ఆయతులు, ఇఖ్లాస్ నాలుగు. అలా చిన్నవాటితో మొదలుపెట్టాం. ఆరు నెలల తర్వాత ఖాయిదాకు తిరిగి వచ్చినప్పుడు పుస్తకం కాక పళ్లెం తీశాం. పళ్లెంలో బొంబాయి రవ్వ పరిచి, వేలితో దోనె ఆకారం గీయించాం. కింద ఒక చింతగింజ పెడితే 'బా', పైన రెండు పెడితే 'తా', మూడు పెడితే 'సా'. గింజను తన చేత్తో పెట్టినవాడు చుక్కను మరవడు. దైవప్రవక్త (స) కూడా ఇసుకలో గీతలు గీసి సహాబాలకు సంగతులు విడమరిచారని హదీసుల్లో ఉంది కనుక, ఈ పద్ధతి ఏదో కొత్త వింత అని ఎవరూ అనుకోనక్కర లేదు. తెలుగులో ప, వ, ష లు కలిసిపోతుంటే వాటికీ ఇదే రవ్వ పళ్లెం.

లెక్కలు మాత్రం మాకు తేలికగానే నడిచాయి. నలభై చింతగింజలు లెక్కపెట్టి ఒకటి పక్కన పెట్టు, అదే జకాత్. వెయ్యి రూపాయలకు 25. ఇరవై బస్తాల ధాన్యం పండితే వాన నీటి పంటకు ఉష్ర్ పదోవంతు, రెండు బస్తాలు. నీళ్లు తోడి పండించినదైతే ఇరవయ్యోవంతు, ఒక బస్తా. ఎందుకా తేడా అని వాడే అడిగాడు. శ్రమ పెరిగిన చోట అల్లాహ్ భారం తగ్గించాడని చెప్పాం. ఆ జవాబు మాకే మళ్లీ తగిలింది.

ఇక కొట్టడం సంగతి. ఏడేళ్లకు నమాజు చేయమని చెప్పండి, పదేళ్లకు మానితే దండించండి అన్న భావంగల హదీసును కొందరు ఖాయిదా పాఠానికీ, ఎక్కాలకూ వర్తింపజేస్తారు. ఆ హదీసు నమాజుది. పైగా దండన మాట రావడానికి ముందు మూడేళ్ల గడువుంది. రోజుకు ఐదు పూటల చొప్పున ఐదువేలకు పైగా పిలుపులవి! వాటిలో ఎన్ని మనం మెత్తగా పిలిచాం? నమాజులోనే మాట్లాడేసిన ముఆవియా బిన్ హకమ్ (రజి)ని ప్రవక్త (స) కొట్టలేదు, తిట్టలేదు, ముఖం చిట్లించలేదు. నమాజు ముగిశాక విషయం వివరించారు. అంతకు మంచి బోధకుణ్ణి ముందూ చూడలేదు, తర్వాతా చూడలేదని ఆ సహాబీ చెప్పుకున్నారు (ముస్లిం).

ఇంట్లో చదివితే రేపు సర్టిఫికెట్టు ఎలా అని బంధువులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ ద్వారా 14 ఏళ్లు నిండినవారు పదో తరగతి పరీక్ష రాయవచ్చు. ఐదేళ్ల గడువులో వీలైనన్ని సబ్జెక్టులు విడివిడిగా పూర్తి చేసుకోవచ్చు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం చదువు నేర్వడంలోని ఇలాంటి ఇబ్బందిని కూడా గుర్తించింది. కనుక ధ్రువపత్రం తీసి ఉంచడం మంచిది, పరీక్షలో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి అడగడానికి పనికొస్తుంది. మళ్లీ బడికి పంపాలనుకున్నా, 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రకారం 14 ఏళ్ల లోపు పిల్లలను వయసుకు తగిన తరగతిలో చేర్చుకోవాలి. అయితే అందరూ బడి మాన్పించాలని మేము చెప్పడం లేదు. ఇద్దరూ పనికి వెళ్లే ఇంట్లో అది సాధ్యం కాదు కూడా. అలాంటివారు సాయంత్రం ఒక్క అరగంట రవ్వ పళ్లెం ముందు కూర్చున్నా ఎంతో మేలు.

సహాయం అడగడం నామోషీ అనుకునేవారు మూసా (అలై) దుఆను గుర్తు చేసుకోవాలి. ఫిరౌను దగ్గరికి వెళ్లమని ఆజ్ఞ అయినప్పుడు ఆయన తన నాలుక ముడి విప్పమని వేడుకున్నారు. అంతటితో ఆగక, సోదరుడు హారూన్ (అలై)ను తోడుగా ఇమ్మనీ అడిగారు (తాహా: 25-32). అల్లాహ్ రెండూ ప్రసాదించాడు. మా వాడు ఆ దుఆను విని నేర్చుకున్నాడు, పాఠానికి ముందు తనంతట తానే చదువుకుంటాడు. వాడి హారూన్ వాళ్ల ఆపా.

ఖుర్ఆన్‌ను ధారాళంగా చదివేవారు గౌరవనీయులైన దైవదూతల వెంట ఉంటారనీ, తడబడుతూ, కష్టపడుతూ చదివేవారికి రెండు పుణ్యాలు ఉన్నాయనీ హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖించిన హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉంది. దాన్ని వాడికి చెప్పినప్పుడు, "అంటే ఆపాకి ఒకటే, నాకు రెండా?" అని అడిగాడు. ఆపా ఒప్పుకోలేదు, కాసేపు పోట్లాడుకున్నారు. ఇప్పుడు వాడికి పదకొండేళ్లు. ఇంకా పంక్తి మధ్యలో ఆగుతాడు. ఆగినప్పుడు ఆ మాటను మేము అందించకుండా, మనసులో పది లెక్కపెట్టుకుంటూ కూర్చోవడం నేర్చుకుంటున్నాం. ఎక్కువసార్లు ఏడో, ఎనిమిదో అంకెకు వాడే అందుకుంటున్నాడు.