పుట్టగొడుగుల నుండి బొమ్మల పుస్తకాల దాకా

వానలు పడగానే మన హాస్టల్ ప్రహరీ పక్కన పుట్టగొడుగులు లేస్తాయి. బోటనీ రికార్డులో ఒక బొమ్మ గీసి, భాగాలు గుర్తించి, సంతకం చేయించుకోవడంతో వాటితో మా పని అయిపోతుంది. ఇంగ్లండుకు చెందిన బియాట్రిక్స్ పాటర్ మాత్రం దాదాపు పదేళ్ళు వాటినే పట్టుకుని కూర్చుంది.

ఆమె 1866లో లండన్‌లో జన్మించింది. బడికి పంపలేదు, చదువంతా ఇంట్లోనే. స్కాట్లాండ్‌లో ఆమెకు పుట్టగొడుగుల గురించి చెప్పినవాడు ప్రొఫెసరు కాదు, చార్లెస్ మెకింతోష్ అనే పోస్ట్‌మ్యాన్. ఆయన నమూనాలు పంపితే ఆమె రంగులతో బొమ్మలు గీసేది. లోపలి నిర్మాణం కనబడేలా కోసి గీయమని సలహా ఇచ్చింది ఆయనే.

పుట్టగొడుగు గొడుగు కింద పలుచని మొప్పలుంటాయి, వాటి మీద సిద్ధబీజాలు తయారవుతాయి. అవి ఎలా మొలకెత్తుతాయో ఆమె ఇంట్లోనే సూక్ష్మదర్శిని కింద పరిశీలించి, వ్యాసం రాసింది. అది 1897 ఏప్రిల్ 1న లండన్‌లోని లిన్నేయన్ సొసైటీ ముందుకు వెళ్ళింది. స్త్రీలకు ఆ సమావేశంలోకి ప్రవేశం లేదు. రాసినది ఆమె, సమర్పించినది జార్జ్ మాసీ అనే శాస్త్రవేత్త! ఇంకా పని చేయాలన్నారు, ఆమె వ్యాసాన్ని వెనక్కు తీసుకుంది. ఈనాటికీ దాని ప్రతి దొరకలేదు. ఆ సొసైటీ స్త్రీలను సభ్యులుగా ఎన్నుకున్నది 1904లో.

తరువాత ఆమె బొమ్మల వైపు తిరిగింది. జబ్బుపడిన ఒక పిల్లవాడికి 1893లో ఉత్తరంలో గీసి పంపిన కుందేలు కథను పుస్తకం చేయబోతే ప్రచురణకర్తలు కాదన్నారు. 1901లో సొంత డబ్బుతో 250 ప్రతులు వేయించింది. 1902లో ఒక సంస్థ రంగుల్లో అచ్చు వేసింది. అదే పీటర్ రాబిట్. ఆ కుందేలు నీలం కోటు తొడుక్కుంటుంది గాని చెవులు, వెనుక కాళ్ళు, కూర్చునే తీరు అన్నీ నిజం కుందేలువే. చిన్నప్పుడు తమ్ముడితో కలిసి చచ్చిన జంతువుల ఎముకలు శుభ్రం చేసి మరీ గీసిన చేయి అది.

ఈ సంగతి స్టడీ అవర్‌లో చెప్పుకుంటుంటే ఒకడు అడిగాడు: "సైన్సు మానేసి బొమ్మలు వేస్తానంటే మా నాన్న ఊరుకుంటాడా?" సరైన ప్రశ్నే. పాటర్ తండ్రి ధనవంతుడు, ఆమెకు తిండికి లోటు లేదు. కూలికి పోయి మనల్ని చదివించే ఇళ్ళలో లెక్క వేరు. ఇది దాచి ఆమె కథ చెప్పడం మాకు ఇష్టం లేదు. అయితే 1905లో హిల్ టాప్ అనే పొలం కొన్నది మాత్రం పుస్తకాల రాబడితో, ఒక బంధువు వదిలిన ఆస్తితో.

ఆమె 1943లో మరణించింది. 1967లో ఇంగ్లండులో శిలీంధ్రాల మీద ఒక పుస్తకం వచ్చింది. దానిలోని బొమ్మల్లో 59 ఆమె గీసినవే.