చోటెరిగిన మందు

మందు రెండు విధములుగా దారి తప్పవచ్చును. రోగమున్న చోటికి చాలినంత చేరక వ్యర్థమగుట యొకటి. రోగము లేని చోటికి చేరి కీడు చేయుట రెండవది. సూదిద్వారా నెత్తురులో గలిసిన మందు శరీరమంతట ప్రవహించును. ఈ లోపమును సరిదిద్దుటకై శాస్త్రజ్ఞులు పాలిమరులనెడి పదార్థములతో అతిసూక్ష్మమైన మందు వాహకములను నిర్మించుచున్నారు. వానిని గూర్చి మన విద్యార్థులకును వారి తలిదండ్రులకును సులభముగా తెలుపదలచి ఈ పాఠమును వ్రాయుచున్నాము.

ఈ విషయము తెలుగువారికి పరాయిది కాదు. 1895వ సంవత్సరమున భీమవరములో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ పరిశోధనశాలలో 1940 మొదలు పనిచేసిరి. ఫోలిక్ ఆమ్లమును పోలియుండియు దాని పనికి అడ్డుపడునట్టి ఎమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ అను మందులు ఆయన నాయకత్వమున అచ్చట తయారైనవి. బోస్టను నగరమున సిడ్నీ ఫార్బరు అను వైద్యుడు నెత్తురు కాన్సరు గల 16 మంది బిడ్డలకు ఎమినోప్టెరిన్ ఇయ్యగా 10 మందికి రోగము తగ్గుముఖము పట్టెనని 1948లో ప్రకటించెను. ఆ మేలు కొలదికాలమే నిలిచినను, మందుచేత ఆ రోగమును అణపవచ్చునను ఆశకు అదియే మొదలు. మెథోట్రెక్సేట్ నేటికిని వాడుకలో నున్నది.

అయితే ఈ మందులు త్వరత్వరగా విభజన చెందు కణములను అడ్డగించును. కాన్సరు కణము అట్టిదే. నోటి లోపలి పొర, ప్రేగుల పొర, ఎముకల మూలుగు ఇవియు అట్టివే. అందుచేతనే మందు పుచ్చుకొన్న బిడ్డకు నోరు పూయుటయు, నెత్తురు కణములు తగ్గుటయు గలుగును. మందు బలము చాలక కాదు, చోటెరుగక ఈ బాధ కలుగుచున్నది.

ఇక పాలిమరు అనగా నేమి? చిన్న అణువులు గొలుసు కట్టగా ఏర్పడిన పెద్ద అణువు. హుస్నాబాదు చుట్టునున్న చేలలో పండు ప్రత్తి పోగు గ్లూకోజు అణువుల గొలుసే. మందును మోయుటకు ఇట్టి గొలుసులను ఉండలుగా చుట్టి, లోపల మందును పొదుగుదురు. ఆ ఉండను కొలుచుటకు నానోమీటరు కావలెను. అది మీటరులో నూరుకోట్లవ వంతు. ఎర్ర రక్తకణము వెడల్పు సుమారు 7,000 నానోమీటర్లు కాగా, ఈ ఉండలు తరచుగా 20 మొదలు 200 వరకు మాత్రమే యుండును. మిక్కిలి చిన్నవైనచో మూత్రపిండములు వడగట్టి పారవేయును. మిక్కిలి పెద్దవైనచో ప్లీహమును కాలేయమును పట్టివేయును.

చెరువు తూమును చూడుడు. నీరటికాడు తలుపెత్తినగాని నీరు పొలమునకు పారదు. స్పందించు పాలిమరు నీరటికాడు లేకయే తెరచుకొను తూము వంటిది. ఎచ్చట తెరచుకొనవలెనో ఆ చోటి స్థితియే దానికి తెలుపును. అట్టి తాళపుచెవులు ముఖ్యముగా మూడు.

మొదటిది పులుపు. కడుపులోని రసము మిక్కిలి పులుపు. చిన్న ప్రేగులో పులుపు తగ్గును. ఆమ్ల సమూహములు గల పాలిమరు కడుపులో ముడుచుకొని కరుగకుండును. ప్రేగునకు రాగానే ఆ సమూహములు విద్యుదావేశము పొంది ఒకదానినొకటి నెట్టుకొనును. గొలుసు విచ్చుకొని పొర కరుగును. కడుపు పులుపునకు చెడిపోవు ఒమెప్రజోలు మందును ఇట్టి పొరతోనే కాపాడుదురు. కావున అట్టి బిళ్లను నూరి గాని నమలి గాని పుచ్చుకొనరాదు. కాన్సరు గడ్డలోను నెత్తురుకన్న కొంచెము పులుపు హెచ్చు. అందుకై పులుపు తగిలిన తోడనే తెగిపోవు బంధములతో వాహకములను కట్టుచున్నారు.

రెండవది వేడిమి. ఐసోప్రొపైల్ ఎక్రిలమైడుతో చేసిన పాలిమరు చల్లని నీటిలో సబ్జా గింజవలె ఉబ్బియుండి, సుమారు 32 డిగ్రీల సెంటీగ్రేడు దాటగనే నీటిని విడిచి ముడుచుకొనును.

మూడవది చక్కెర. ఫినైల్ బోరానిక్ ఆమ్లము గ్లూకోజును పట్టుకొనును. దానిని పాలిమరునకు జేర్చినచో నెత్తురులో చక్కెర పెరిగినపుడు ఉండ విచ్చుకొని ఇన్సులినును విడుచును. దీనిని జంతువులపై పరీక్షించియున్నారు.

పని ముగిసిన ఉండ శరీరములో పేరుకొనరాదు. అందుచేత లాక్టిక్, గ్లైకోలిక్ ఆమ్లముల గొలుసును తరచుగా ఎన్నుకొందురు. అది క్రమముగా విడిపోయి తిరిగి ఆ ఆమ్లములే యగును. వానిలో మొదటిది పెరుగునకు పులుపునిచ్చునదే.

చోటెరిగిన మందు మనిషి నెరుగవలదా? ఇందుకు మన తెలుగునాటనే నిదర్శనము గలదు. శస్త్రచికిత్సకు ముందు కండరములను సడలించుటకు సక్సినైల్ కోలిన్ అను మందు నిత్తురు. నెత్తురులోని యొక ఎంజైము దానిని కొలది నిమిషములలో విరిచివేయును. పుట్టుకతోనే ఆ ఎంజైము కొరవడినవారికి కండరములు గంటల తరబడి సడలియుండి, తమంత ఊపిరి తీయలేరు. యంత్రముతో ఊపిరి నందించినచో కోలుకొందురు. ఈ కొరత వైశ్యులలో ఇతరులకంటె సుమారు నూరు రెట్లు హెచ్చని హైదరాబాదులోని కణజీవశాస్త్ర పరిశోధనశాలవారు, అమెరికా శాస్త్రజ్ఞులతో గూడి 2017లో ప్రకటించిన వ్యాసమున తెలిపిరి. ఇది ఎవరి దోషమును గాదు. వంశమున వచ్చిన చిన్న భేదము మాత్రమే. మందొక్కటే, మోతాదొక్కటే, ఒకరికి మేలు, మరియొకరికి ఆపద. అందుచేత మున్ముందు వాహకమును రూపొందించువారు రోగమునేగాక రోగి దేహమును గూడ పరీక్షించి, ఏ తాళపుచెవి తగునో, ఎంత మందు చాలునో నిర్ణయింపవలెను. మెథోట్రెక్సేటును హెచ్చు మోతాదున నిచ్చునపుడు ఇప్పటికే ప్రతి రోగి నెత్తురులోను మందెంత మిగిలియున్నదో కొలిచి, విరుగుడైన ల్యూకోవోరినును తదనుగుణముగా నిచ్చుచున్నారు.

అయినను అత్యాశ తగదు. పదేండ్ల పరిశోధనలను సమీక్షించి 2016లో ప్రకటించిన వ్యాసములో, జంతువులకు సూదితో నెక్కించిన నానో ఉండలలో గడ్డను చేరినవి నూటికి 0.7 వంతు మాత్రమేయని తేలినది. తక్కినవానిలో పెద్ద భాగము కాలేయ ప్లీహముల పాలగుచున్నది. తూము సిద్ధమైనను కాలువ ఇంకను త్రవ్వవలసియున్నదన్నమాట. ఇట్టి మందులతో సర్వరోగములును కుదురునని ఎవరైన అమ్మజూపినచో తలిదండ్రులు నమ్మరాదు. ఒకరికి వ్రాసిన మందును మరియొకరికి ఇయ్యను రాదు.

విద్యార్థులారా, రసాయన శాస్త్రములో ఆమ్లము, క్షారము అను పాఠము పరీక్షకొరకే యున్నదని తలంపకుడు. ఆ పులుపు భేదమునే ఆధారముగా గొని బిడ్డ నోటిపూతను తప్పింప జూచుచున్నారు. ఆ త్రవ్వవలసిన కాలువ మీ తరమువారి కొరకు వేచియున్నది.