ఒకే లాగిన్‌తో పలు వెబ్‌సైట్లు

వార్షికోత్సవ సంచికలో ఈ కంప్యూటర్ పాఠం ఏమిటని అనుకోకండి. స్కాలర్‌షిప్‌కు ఒక వెబ్‌సైట్, కాలేజీ సీటుకు ఒకటి, ఉద్యోగ పరీక్షకు మరొకటి. ప్రతిచోటా వేరే యూజర్‌నేమ్, వేరే పాస్‌వర్డ్. మనలో చాలామంది అవన్నీ నోట్‌బుక్ చివరి పేజీలో రాసుకుని, ఆ పేజీనే ఇంటర్నెట్ సెంటర్‌లో ముందు పెడతాం. ఒకచోట లాగిన్ అయిన మనిషిని రెండోచోట ఎందుకు గుర్తుపట్టరు?

ముందు లాగిన్ అంటే ఏమిటో చూద్దాం. పాస్‌వర్డ్ సరిపోగానే సర్వర్ తన దగ్గర ఒక సెషన్ తెరిచి, దాని నంబరును కుకీగా మన బ్రౌజర్‌కు ఇస్తుంది. బ్రౌజర్ ఆ కుకీని ఇచ్చిన సైట్‌కే మళ్లీ చూపుతుంది, వేరే సైట్‌కు చూపదు. ఒకవేళ చూపినా లాభం లేదు. పి.హెచ్.పి. మామూలుగా సెషన్‌ను తన పద్ధతిలో ఒక ఫైల్‌లో రాసుకుంటుంది. జావా సర్వర్ తన మెమరీలో ఉంచుకుంటుంది. డాట్ నెట్ అయితే లాగిన్ కుకీనే తన సొంత కీతో రహస్య లిపిలోకి మార్చేస్తుంది. ఒకరి రిజిస్టర్ ఇంకొకరు చదవలేరు.

దీనికి తొందరపాటు మందు, అన్ని సైట్లకూ ఒకే యూజర్ల పట్టిక పెట్టడం. చిన్న ఆఫీసుల్లో ఇదే చేస్తారు. నాకు ఇది నచ్చదు. ఆ సైట్లలో అన్నిటికన్నా బలహీనమైనది ఏదో, మొత్తం పట్టికకు అంతే భద్రత. ఒక సైట్ పాస్‌వర్డ్‌ను ఇంకో సైట్ అడగడం అంతకన్నా చెడ్డ పద్ధతి. ఆ అలవాటు మాన్పించడానికే 2007లో ఓఆత్ అనే పద్ధతి వచ్చింది. దాని రెండో రూపం మీద 2014లో ఓపెన్ ఐడి కనెక్ట్ వచ్చింది.

ఇది మనకు కొత్త కాదు. భైంసాలో కాలేజీ ఇచ్చిన బోనఫైడ్ సర్టిఫికెట్‌ను నిర్మల్‌లో ఒక ఆఫీసుకు ఇస్తే, అక్కడి గుమాస్తా కాలేజీ అడ్మిషన్ రిజిస్టర్ తెప్పించుకోడు. సంతకం, ముద్ర, తేదీ, ఏ పని కోసం ఇచ్చారన్నది చూస్తాడు. ఇక్కడా అంతే. మనం వెళ్లిన సైట్ మనల్ని గుర్తింపు సర్వర్ దగ్గరికి పంపుతుంది. పాస్‌వర్డ్ అక్కడ మాత్రమే చెబుతాం. ఆ సర్వర్ ఒక చిన్న కోడ్ ఇచ్చి మనల్ని వెనక్కి పంపితే, సైట్ ఆ కోడ్‌ను నేరుగా గుర్తింపు సర్వర్‌కు చూపి టోకెన్ తెచ్చుకుంటుంది. టోకెన్ మీద సంతకం చేసే రహస్య కీ గుర్తింపు సర్వర్ దగ్గరే ఉంటుంది. సరిచూసే పబ్లిక్ కీ అందరికీ ఇస్తారు. సరిచూడటం లెక్క మాత్రమే కాబట్టి పి.హెచ్.పి. అయినా, జావా అయినా, డాట్ నెట్ అయినా చేయగలదు. అయితే సంతకం ఒక్కటే చూస్తే చాలదు. ఎవరిచ్చారు, ఏ సైట్ కోసం ఇచ్చారు, గడువు ఉందా అన్నవి కూడా చూడాలి. బస్ పాస్ కోసం ఇచ్చిన బోనఫైడ్ బ్యాంకులో చెల్లదు కదా!

మన దేశంలో 2022 జూలైలో మొదలైన మేరీ పెహచాన్ ఇలాంటి ఏర్పాటే. డిజిలాకర్, ఈ-ప్రమాణ్, జన్ పరిచయ్‌లలో ఒక ఖాతాతో దానికి కలిసిన ప్రభుత్వ సైట్లలోకి వెళ్లవచ్చు.

అసలు కష్టం టోకెన్‌లో లేదు, పేర్లలో ఉంది. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందుంటుంది, ఆధార్‌లో వెనక ఉంటుంది. ఒకచోట పొడి అక్షరం, ఒకచోట పూర్తి పేరు. ఫోన్ నంబరుతో కలుపుదామంటే, ఇంట్లో ఉన్న ఒక్క నంబరే అన్నదమ్ములందరి ఫారాల మీద ఉంటుంది. అలా కలిపితే తమ్ముడి స్కాలర్‌షిప్ అన్న ఖాతాలో కనబడుతుంది. అందుకే గుర్తింపు సర్వర్ ప్రతి మనిషికీ మారని ఒక నంబరు ఇస్తుంది. సైట్ తన పాత యూజర్‌నేమ్ పక్కన దాన్ని రాసుకోవాలి. మొదటిసారి మాత్రం పాత పాస్‌వర్డ్‌తో కూడా లాగిన్ చేయించి, రెండూ ఒకే మనిషివని తేల్చుకున్నాకే ముడివేయాలి. పేరు చూసి కంప్యూటర్ దానంతటదే ముడివేసే పద్ధతి పెట్టవద్దు.

ఇంకో మాట. స్కాలర్‌షిప్ సైట్‌లో లాగౌట్ నొక్కితే గుర్తింపు సర్వర్‌లో కూడా లాగౌట్ అయినట్టు కాదు. ఇంటర్నెట్ సెంటర్‌లో మన తరువాత కూర్చున్నవాడు వేరే సైట్ తెరిస్తే పాస్‌వర్డ్ అడగకుండానే మన పేరుతో లోపలికి పోవచ్చు. లేచే ముందు డిజిలాకర్‌లో కూడా విడిగా లాగౌట్ చేయాలి.

బాసర ట్రిపుల్ ఐటీలోనో, పాలిటెక్నిక్‌లోనో కంప్యూటర్స్ చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఒక పి.హెచ్.పి. సైట్, ఒక జావా సైట్ కట్టి ఇది చేసి చూడవచ్చు. రెండూ ఒకే కంప్యూటర్‌లో వేరువేరు పోర్టుల మీద నడిపితే మాత్రం కుకీలు కలిసిపోతాయి, ఎందుకంటే కుకీ పోర్టు తేడా చూడదు. అక్కడ పనిచేసినట్టే కనబడి, అసలు సర్వర్లకు ఎక్కించాక ఆగిపోతుంది. హోస్ట్స్ ఫైల్‌లో రెండు సైట్లకు రెండు వేరు పేర్లు ఇచ్చి మొదలుపెట్టండి.